బిడ్డ పేరనే వచ్చు పింఛను

మొన్న నిమ్మాడలో మా యరుగు చెంత నిలిచి యొక తల్లి, "మేస్టారూ, ఈడ్నొగ్గేసి కూలికెల్లలేను. గవర్మెంటు నాకేటైనా ఇత్తాదా?" యని యడిగినది. చంకనున్న బాలునకు ఎనిమిదేండ్లు, నడక రాలేదు. పెద్దవాడైనగాని పింఛను రాదని యెవరో చెప్పగా ఇన్నాళ్లు ఊరకుండెనట.

ఆ మాట తప్పు. వయోనియమము వికలాంగులకు లేదు. నూటికి 40 పాళ్లు వైకల్యము కలదని సదరం ధ్రువపత్రమున్నచో పసివాడైనను అర్హుడే.

అధిక సహాయము కావలసినవారికి సంరక్షక భత్యమును 2016 నాటి కేంద్రచట్టము 24వ సెక్షనులో పేర్కొన్నది. ఐనను మన ఎన్టీఆర్ భరోసా పింఛనులలో తల్లికి వేరు పద్దు లేదు. సొమ్ము బిడ్డ పేరనే వచ్చును. 2024 జూలైలో పెంచిన మొత్తము నెలకు 6,000 రూపాయలు. మంచమునకో చక్రముల కుర్చీకో పూర్తిగ పరిమితమైనవారికి 15,000. ఈ బాలునకు రెండవదే న్యాయమని నా తలంపు. కాని తేల్చువారు వైద్యులు.

పల్లెలో కుటుంబాదాయము నెలకు 10,000 మించరాదు. భూమి మాగాణియైన 3 ఎకరములలోపు, మెట్టయైన 10 ఎకరములలోపు ఉండవలెను. సొంతకారు ఉండరాదు, ఆటో, ట్రాక్టరు ఉన్న దోషము లేదు. ఇంట ప్రభుత్వోద్యోగి యున్నచో ఆశ వదలుకొనవలసినదే.

ముందుగ గ్రామ సచివాలయములో సదరం పరీక్షకు తేదీ వ్రాయించుకొని, ఆనాడు బిడ్డను ఆసుపత్రికి కొనిపోవలెను. 2025లో పాత ధ్రువపత్రములను సయితము మరల పరీక్షించిరి. కావున చికిత్స చీటీ యొక్కటియు పారవేయరాదు.

ఆ తల్లి చీటీలన్నియు బియ్యపు డబ్బాలో దాచినదట. సోమవారము సచివాలయమునకు నేనును వెంట పోవుచున్నాను.