తోటపనితో చికిత్స: ఇదీ ఒక వృత్తివిద్యే

ఇంటర్ బై.పి.సి. తర్వాత ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే ఇక దారే లేదనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మన హాస్టళ్లలో చాలామంది ఉన్నారు. వారికి అంతగా ఎవరూ చెప్పని ఒక చదువు గురించి రాస్తున్నాను. దాని పేరు హార్టికల్చరల్ థెరపీ. అంటే తోటపని చేయిస్తూ చేసే చికిత్స.

పక్షవాతం వచ్చి చెయ్యి సరిగా లేవని మనిషిని తీసుకోండి. వ్యాయామం చెయ్యమంటే నాలుగు రోజులు చేసి విసుగుపడతాడు. అదే బంతినారు ఇచ్చి కుండీల్లో నాటమంటే వేళ్లతో మట్టి నొక్కుతాడు, చెంబెత్తి నీళ్లు పోస్తాడు, మర్నాడు మొక్క ఎలా ఉందో చూడాలని తనే లేచి వస్తాడు. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు గుంటకొక గింజ వెయ్యడమంటే లెక్కా, వరుసా, ఓపికా నేర్చుకోవడమే. థెరపిస్టు డాక్టర్లతో మాట్లాడి ముందే లక్ష్యం పెట్టుకుంటాడు. మొక్క ఎంత పెరిగిందన్నది కాదు, చెయ్యి ఎంత లేచిందన్నది అతని లెక్క. తోటమాలికీ ఇతనికీ తేడా అక్కడే.

అమెరికాలో 1973లోనే దీనికి వృత్తిసంఘం ఏర్పడింది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ అప్పటికే దీన్ని డిగ్రీలో బోధిస్తోంది. రిజిస్టర్డ్ థెరపిస్టు కావాలంటే డిగ్రీ, మొక్కల శాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి పాఠాలతోపాటు 480 గంటల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు పరిశీలించి, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు గోడ కనిపించినవాళ్లకంటే కాస్త ముందుగా ఇంటికి వెళ్లారని తేల్చాడు. చూస్తేనే ఇంత!

మన దేశం సంగతి దాచకుండా చెప్పాలి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్ చేసే 16 రకాల వృత్తుల్లో ఇది లేదు. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, చేతిలో గట్టి పట్టా ఒకటి ఉండాలి. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ద్వారా వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ల బి.ఎస్సీ. హార్టికల్చర్ చదవవచ్చు. రోగులతో మెలగడమే ఇష్టమైతే స్పెషల్ ఎడ్యుకేషన్ మేలు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో ఆ కోర్సులున్నాయి. థెరపీ పాఠాలు తర్వాత కలుపుకోవచ్చు.

"కూలిపని తప్పాలని చదివిస్తే మళ్లీ మట్టిలోకేనా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు ఈ పేరు చెప్పకండి, ముందు ఆ బి.ఎస్సీ. పట్టాతో బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పరీక్ష రాయవచ్చని చెప్పండి. డిగ్రీలో ఉండగానే దగ్గర్లోని ప్రత్యేక పిల్లల బడికి సెలవురోజు వెళ్లి, నాలుగు కుండీలు పెట్టిస్తారేమో అడిగి చూడండి.