ఈగ కన్ను, మానవ జన్యువు

కొత్తపట్నం సముద్రతీరమున మిట్టమధ్యాహ్నపుటెండలో ఇసుకపై నడచి వచ్చినవాడు తాటాకు పాకలో అడుగు పెట్టగానే అతనికి ఏమియు కానరాదు. కొంతసేపటికి వల, కుండ, నులకమంచము ఒక్కొక్కటే కనిపించును. ఈలోపల కంటిలో జరుగు పనులలో ఒకదానికి భాస్వరముతో సంబంధము కలదు. రొడాప్సిన్ అను మాంసకృత్తు వెలుగు సోకగానే మెదడుకు వార్త పంపుటకు పూనుకొనును. దానిని ఆపుటకై ఫాస్ఫేటులు దానికి తగిలించబడును. అది మరల వెలుగునకు సిద్ధము కావలెనన్న ఆ ఫాస్ఫేటులు ఊడవలెను. వానిని ఊడదీయు ఎంజైములనే ఫాస్ఫటేజులందురు.

ఊడిన ఫాస్ఫేటును కొలుచుట ఎట్లు? 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కెతో కలసి 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించెను. ఆమ్లములో మాలిబ్డేటును, పిమ్మట ఒక క్షయకరణిని చేర్చినచో ద్రవము నీలమగును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైన నీలము అంత చిక్కన.

ఇక జన్యువు సంగతి. మానవుని ఎక్స్ క్రోమోజోముపై పీపీఈఎఫ్-1 అను జన్యువు కలదు. అది తయారుచేయించు ఫాస్ఫటేజు తోకవైపున కాల్షియమును పట్టు భాగములున్నవి. చాచిన బొటనవ్రేలు, చూపుడువ్రేలు వలె రెండు మెలికలు, వాని నడుమ కాల్షియము! ఇట్టి అమరిక మొదట కార్పు చేప కండరములోని మాంసకృత్తులో కనబడినది.

డ్రోసోఫిలా ఈగలో దీని జ్ఞాతి జన్యువు పేరు ఆర్డీజీసీ. వెలుగు సోకినపుడు ఈగ కంటి కణములలో కాల్షియము పెరిగి ఆ ఎంజైమును పనికి పురికొల్పును. ఈ జన్యువు చెడిన ఈగలను వెలుగులో పెంచినచో కంటి కణములు క్షీణించును. చీకటిలో పెంచినచో నిలుచును. కావలసినదే వెలుగు, చెరచునదియు వెలుగే! ఫాస్ఫేటులు ఊడని రొడాప్సినే ఇందులకు మూలము. మానవులలో తరతరములుగా వచ్చు అంధత్వములలో కొన్నింటికి ఈ కుటుంబపు జన్యువులు కారణమేమోయను అనుమానము కలుగుట సహజమే. పీపీఈఎఫ్-1కు తోబుట్టువైన పీపీఈఎఫ్-2 కంటి దండకణములలో నుండుట ఆ అనుమానమునకు బలమిచ్చెను.

కాని ఎలుక వేరొక సాక్ష్యము చెప్పినది. 2001లో ప్రకటితమైన పరిశోధనలో, ఈ రెండు జన్యువులును లేని చుంచెలుకల కన్నులను పరీక్షించిరి. కణములు క్షీణింపలేదు. వెలుగునకు స్పందన మామూలుగానే యున్నది. రొడాప్సిన్ నుండి ఫాస్ఫేటులు యథావిధిగా ఊడినవి. ఈగను చూచి మనిషిని ఊహించినవారికి ఇది ఎదురుదెబ్బయే.

మరి పాకలోని మనిషి కంటిలో ఆ పని చేయునదేది? పీపీ-2ఏ అను వేరొక ఫాస్ఫటేజు వంక 2017 నాటి ప్రయోగములు వేలు చూపినవి. దండకణములలో అది లేకుండ చేసిన ఎలుకలలో ఫాస్ఫేటులు ఊడుట మందగించి, కన్ను చీకటికి అలవడుట ఆలస్యమైనది.