తుపాను వెలిశాకే అసలు పని!

తుపాను అనగానే ఆహార పొట్లాలు, దుప్పట్లు, పడవలే గుర్తొస్తాయి. పది రోజులు గడిచాక టీవీ కెమెరాలు వెళ్లిపోతాయి. ఆ తర్వాత? బురద నిండిన ఇంటిముందు నిలబడ్డ మనిషికి అసలు కష్టాలు అప్పుడే మొదలవుతాయి. అమెరికాలోని న్యూ ఆర్లిన్స్ వాసులకు ఆ సంగతి బాగా తెలుసు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను విరుచుకుపడింది. వరద గోడలు కూలి నగరంలో 80 శాతం నీట మునిగింది. ప్రపంచమంతా స్పందించింది. మనదేశమూ అమెరికన్ రెడ్‌క్రాస్‌కి 50 లక్షల డాలర్లు ఇచ్చింది. విమానంలో సరకులూ పంపింది.

నీళ్లు తీశాక చూస్తే ఇళ్లు లేవు. కట్టుకోవడానికి లూసియానా ప్రభుత్వం 'రోడ్ హోమ్' పథకం పెట్టింది. కానీ చాలామంది ఇళ్లు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి. తరతరాలుగా ఉంటున్న ఇల్లు తమదేనని నిరూపించుకోలేక సాయానికి దూరమయ్యారు. లెక్కలోనూ ఓ మెలిక ఉంది. తుపానుకు ముందు ఇంటి విలువ, బాగుచేయడానికయ్యే ఖర్చు... రెంటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకున్నారు. పేదల వాడల్లో ఇళ్ల విలువ తక్కువ. కలప ధర, కూలి మాత్రం అందరికీ ఒకటే! ఇది చాలదన్నట్టు, డబ్బు తీసుకుని పని మధ్యలో వదిలేసిన కాంట్రాక్టర్లు మరికొందరిని ముంచారు.

అలాంటివారికి స్వచ్ఛంద సంస్థలే దిక్కయ్యాయి. విదేశీ విరాళాల్లోంచి 6.6 కోట్ల డాలర్లతో 'కత్రినా ఎయిడ్ టుడే' మొదలైంది. సరకులు పంచడం దాని పని కాదు. కుటుంబానికో కేస్ మేనేజర్‌ని తోడిచ్చింది. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో వెతకడం, దరఖాస్తులు నింపించడం, ఆ కుటుంబం కుదుటపడేదాకా వెన్నంటి ఉండటం వాళ్ల బాధ్యత. స్థానిక సంస్థలూ ఒకచోట కూర్చుని ఒక్కో ఇంటి అవసరాన్ని పంచుకునేవి. ఒకరు కలప ఇస్తే, ఒకరు డబ్బు, మరొకరు పనివాళ్లను!

2006లో వాషింగ్టన్ నుంచి లిజ్ మెకార్ట్నీ, జాక్ రోజెన్‌బర్గ్ కొన్నాళ్లు సేవ చేద్దామని పక్కనే ఉన్న సెయింట్ బెర్నార్డ్ ప్రాంతానికొచ్చారు. నెలలు గడిచినా జనం ఇళ్లకు చేరలేకపోవడం చూసి, అక్కడే ఉండిపోయి ఇళ్లు కట్టించే సంస్థ పెట్టారు. తర్వాత టయోటా కార్ల కంపెనీ నిపుణులు పని క్రమం నేర్పితే, ఒక్కో ఇంటికి పట్టే సమయం దాదాపు సగానికి తగ్గింది. 2012లో శాండీ తుపాను ముంచెత్తిన న్యూయార్క్, న్యూజెర్సీలకూ వాళ్లు ఆ అనుభవంతోనే వెళ్లారు.

తాతల పేరుతోనే ఉన్న ఇళ్లు మన దగ్గరా తక్కువేం కాదు. బీరువాలోని ఆ కాగితాలేవో ఓసారి తీసి చూసుకోవడం మంచిది... ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే!