చెట్లపైని మఱ్ఱి, రావి, జువ్వి మొలకలకు నీరెట్లు లభించును?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతులకు తెలియజేయునదేమనగా:—

మన పొలముగట్లనున్న తాటిచెట్లపైని, చింతచెట్ల పంగలలోను, పాత మోటబావుల రాతికట్టడములలోను మఱ్ఱి, రావి, జువ్వి మొలకలు పుట్టుట అందఱెఱిగినదే. నేలకు 20 అడుగుల యెత్తున, చారెడు మట్టియైనను లేనిచోట, ఎండకాలమంతయు ఆ మొక్క యెట్లు బ్రదుకుచున్నది? ఆశ్రయమిచ్చిన చెట్టు రసమును త్రాగుచున్నదని పెక్కుమంది తలంతురు. ఇది సరికాదు. మామిడికొమ్మలపై పుట్టు బదనిక తన వేళ్ళను కొమ్మలోనికి చొప్పించి అందలి నీటిని గ్రహించును. మఱ్ఱిజాతి చెట్లు అట్లు చేయవు. వానికి నీరు లభించు మార్గము తెలిసినచో, ఏ మొలకను ఎప్పుడు తీయవలయునో తెలియును.

మొదటి దశ.— గోరువంకలు, కోకిలలు, గబ్బిలములు పండ్లను తిని విడిచిన విత్తులు తాటిమట్టల మొదళ్ళలోను, చెట్ల తొఱ్ఱలలోను పడును. అచ్చట గాలికి చేరిన దుమ్మును, కుళ్ళిన ఆకులును ఉండును. ఆ చెత్త వాననీటిని పీల్చి దూదివలె పట్టియుంచును. ఇదియే మొలకకు చెరువు. ఈ చెరువు చిన్నది. వానలు నిలిచిన కొలదిదినములకే యెండిపోవును. కావున మొక్క నీటిని మిక్కిలి పొదుపుగా వాడుకొనును. ఆకులయందు కంటికి కానరాని రంధ్రములు గలవు. వానిగుండ నీరు ఆవిరియై పోవును. ఎండ హెచ్చినపుడు మొక్క వానిని మూసికొనును. దక్షిణ అమెరికాలోని వెనిజులా దేశమున తాటిజాతి చెట్లపై మొలచిన ఇట్టి మొక్కలను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. నేలనంటిన వాని ఆకులకంటె చెట్టుపైనున్న వాని ఆకులలో రంధ్రములు తక్కువయనియు, అవి విడుచు నీరును తక్కువయనియు కనుగొనిరి. ఈ పొదుపువలననే మొలక యేండ్లకొలది మూరెడెత్తుననే నిలిచియుండును.

రెండవ దశ.— ఈలోపల సన్నని వేళ్ళు మ్రానువెంట క్రిందికి దిగుచుండును. ఒక వేరు నేలనంటినతోడనే మొక్క స్థితి మారును. నీటికి కొదువ లేదు, ఆకులు విస్తరించును, వేళ్ళు లావై, అంటుకట్టినట్లు ఒకదానితోనొకటి కలిసి, మ్రానును వలవలె చుట్టుకొనును. చింత, వేప మొదలగు చెట్ల మ్రాను ఏటేట లావగును గావున, ఆ వలలో నొక్కబడి, ఆకులలో తయారైన ఆహారము వేళ్ళకు దిగదు. తాటిమ్రాను అట్లు లావు కాదు. అయినను పైన నీడయు, క్రింద నీటికై పోటీయు దానికి తప్పవు.

మఱ్ఱి ఊడలును ఇట్టివే. నేలనంటినపిమ్మట అవి నీటిని తెచ్చు వేళ్ళును, కొమ్మలను మోయు స్తంభములును అగును. మహబూబునగరు చేరువనున్న పిల్లలమఱ్ఱి 3 యెకరములకు పైగా వ్యాపించుట ఊడల బలముననే. దానికి చెదలు పట్టగా 2018వ సంవత్సరమున సీసాలనుండి బొట్టుబొట్టుగా మందెక్కించి కాపాడవలసివచ్చెను.

బావులు, చెరువులు.— రాళ్ళ సందులోని మొలకకు తడి సమీపముననే యున్నది. కనుక వేరు త్వరగా లోనికి పోయి సందును విప్పును. వనపర్తి ప్రాంతమున సప్తసముద్రములని పేరుగన్న చెరువులవంటి పాత చెరువుల తూములకును, అలుగులకును ఇది పెద్ద ముప్పు. తూము చెడినచో ఆయకట్టంతయు నష్టపడును.

రైతులు చేయవలసినది:

1. తొలకరి వానలు పడి సందులు తడిసినప్పుడు బావిని, తూమును, అలుగును పరీక్షించి, వ్రేలెడు మొలకలను వేళ్ళతో పెకలింపవలయును. పైకొమ్మను మాత్రము నఱకినచో వేరు మరల చిగుర్చును.

2. ఫలవృక్షములపైని మొలకను దాని వేరు నేలనంటకమునుపే తీయవలయును.

3. కట్టడములో ముదిరిన వేరును లాగరాదు, రాళ్ళు కదలును. మేస్త్రీచేత రాళ్ళు విప్పించి, వేరును తీయించి, సున్నముతో మరల కట్టింపవలయును.

4. నేలపై పెరిగిన మఱ్ఱిని కొట్టనక్కరలేదు. దాని ఊడలను కోయరాదు. పశువులకు నీడ యదియే. పెకలించిన మొలకను వానాకాలముననే బంజరునందు నాటినచో, బావికి శత్రువైనది ఊరికి మేలు చేయును.