డాగ్‌వుడ్ చెట్లను గుర్తించుట

అమెరికా తూర్పు భాగపు అడవులలో డాగ్‌వుడ్ అను చిన్న చెట్టు కలదు. వసంతమున ఆకు తొడుగకముందే అది తెల్లగా పూయును. ఆ తెల్లని రేకులు నిజమునకు రేకులు కావు. మన కాగితపుపూలలో వలె రంగు తేలిన ఆకులు. అసలు పూలు నడుమ గుండీవంటి గుత్తిలో నుండును.

1970వ దశకము మొదలు ఒక శిలీంధ్రపు తెగులు సోకి ఈ చెట్లు అసంఖ్యాకముగ నశించినవి. జపాను, కొరియా, చైనాలలో పెరుగు దాయాది చెట్టు కౌసా మాత్రము ఆ తెగులును చాలవరకు తట్టుకొనును. కావున నాటువానికి ఏది ఏదియో తెలియవలెను.

పూతకాలమున రేకు కొన చూచిన చాలును. అమెరికా చెట్టు రేకు కొసన నొక్కు పడియుండును. కౌసా రేకు సూదిగ నుండును. పైగా కౌసా ఆకులు వచ్చిన పిదప, సుమారు నెల ఆలస్యముగ పూయును. పండ్లు వచ్చినచో సందేహమే లేదు: మొదటిదానికి విడివిడిగ ఎర్రని పండ్లు, రెండవదానికి తొగరుపండువలె పెక్కు కలిసి ఒకటియైన గుండ్రని పండు. శీతకాలమున బెరడే దిక్కు. అమెరికా చెట్టు ముదురు మాను మొసలి చర్మమువలె పలకలు తేరును. కౌసా మాను జామమానువలె పొరలూడి మచ్చలు పడును.

చిక్కెల్ల సంకరములతోనే. న్యూజెర్సీ యందలి రట్‌గర్స్ విశ్వవిద్యాలయమున ఎల్విన్ ఆర్టన్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెంటిని కలిపి కొత్త రకములను సృష్టించెను. అవి తల్లిదండ్రుల పూతలకు నడుమకాలమున పూయును. రేకు ఆకారము ఒక్కొక్క రకమున ఒక్కొక్క వైపు మొగ్గును గనుక దానిని నమ్మరాదు. నమ్మదగిన గుర్తు శరత్తున దొరకును: విరగబూచిన చెట్టు సాధారణముగ కాయదు. విత్తు లేనందున వాటిని వేరొక డాగ్‌వుడ్ మొక్కపై అంటుగట్టి పెంచుదురు. అంటు క్రింద చిగురు లేచినచో అది అడుగు మొక్కదే. దాని పూలను చూచి చెట్టు పేరు చెప్పరాదు.