షుగరు - పేరు చూసి మోసపోకండి!

శ్రీకాకుళంలో గాని, విజయనగరంలో గాని ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా "నాకు షుగరండీ" అన్న మాట వినబడుతుంది. విన్నవారెవరూ పంచదార సంగతనుకోరు. జబ్బేనని ఇట్టే గ్రహిస్తారు. తినే వస్తువు పేరు జబ్బు పేరెలా అయింది? ఆ పేరు మనల్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తోంది?

పుట్టిల్లు మనదే

'షుగర్' ఇంగ్లీషు మాటే అయినా దాని మూలం సంస్కృతంలోని 'శర్కర'. శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుక పలుకు. చెరకు రసం కాచగా వచ్చే పలుకులకూ ఆ పేరే వచ్చింది. అది పారశీకుల నోట 'షకర్', అరబ్బుల నోట 'సుక్కర్' అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరింది. మన 'చక్కెర' కూడా దాని తోబుట్టువే.

ఆమదాలవలసలో, భీమసింగిలో సహకార మిల్లులు ఆడిన రోజుల్లో ఇక్కడివారికి షుగరంటే చెరకు బళ్ళు, ఫ్యాక్టరీ. ఇప్పుడు రక్తపరీక్ష కాగితం!

మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బును మధుమేహమన్నారు. అతిమూత్రవ్యాధి అన్న పేరూ ఉంది. రోగి మూత్రంలోని తీపి చక్కెరేనని 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ తేల్చాడు.

మూడు అపోహలు

"కాఫీలో పంచదార మానేశాను, ఇంకేం భయం?" అంటారు కొందరు. కంచం నిండా అన్నం తింటే అదీ కడుపులో గ్లూకోజుగానే మారుతుంది. చోడి అంబలికైనా కొలత ఉండాలి.

"బెల్లం మంచిదే కదా!" అంటారు మరికొందరు. బెల్లానికి ఇంగ్లీషు పేరు 'జాగరీ'. అదీ పోర్చుగీసుల ద్వారా వెళ్ళిన శర్కరే! మాటలోనే కాదు, రక్తంలోనూ రెండూ చుట్టాలే.

"షుగరు లేదు, కాబట్టి కిడ్నీలకు ఢోకా లేదు" అనుకోవడం మూడోది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడ్డవారిలో షుగరు లేనివారెందరో ఉన్నారు. ఆ ప్రాంతం వారు క్రియాటినిన్ పరీక్ష విడిగా చేయించుకోవాలి.

ప్రాణం మీదికొచ్చే పొరపాటు

మందు వేసుకుని వేళకు తినకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు - ఇవీ గుర్తులు. అప్పుడు "షుగరు మనిషికి పంచదారా!" అని ఇంట్లోవారు వెనకాడకూడదు. ఆ క్షణంలో పంచదారే మందు! తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక కాస్త ఆహారం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

పరగడుపు పరీక్షలో 126 గాని అంతకు మించి గాని వస్తే, మరోసారి పరీక్ష చేయించి డాక్టరును కలవండి. "కొద్దిగా షుగరే" అని మాత్రం సరిపెట్టుకోకండి. పేరు తీపిదైనా జబ్బు తీపిది కాదు.