వేడి నేలపై కొండపూవులు

కలింపాంగు, ఊటీ వంటి కొండయూళ్ళకు పోయి వచ్చువారు తమ వెంట పూచిన ఆర్కిడ్ మొక్క నొకదానిని తెచ్చుకొనుట కద్దు. అది సింబీడియమను కొండజాతి యైనచో దాని పూగెల నెలకు పైగా వాడక నిలుచును. ఇంటిల్లిపాదియు మురిసిపోదురు. పూలు రాలును, వేసవి వచ్చును. మొక్క చావదు, క్రొత్త ఆకులు కూడ వేయును. కాని మరుసటి యేడు పూయదు, ఆపై యేడును పూయదు. మెల్లగా ఆకుల మొదట నుండు ఉబ్బుకాడలు ముడుతలు పడి, వేళ్ళు క్రుళ్ళి, ఒకనాటికి కుండ ఖాళీ యగును. "మన యెండకు తాళలేదు" అని యింటివారు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పులో సగమే నిజము. పగటి యెండకంటె రాత్రి యుక్కయే దానిని ఎక్కువగా కృశింపజేసినది.

ఆర్కిడ్ కుటుంబము మిక్కిలి పెద్దది. అందు 25,000కు పైగా జాతులు కలవు. వానిలో అధికభాగము ఉష్ణమండలమున పుట్టినవే. కనుక అవి యన్నియు వేడిని కోరుననుకొనుట సహజము. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లండులోని సంపన్నులును అట్లే తలచిరి. ఓడలలో తెప్పించిన మొక్కలను అద్దపు గదులలో మూసి, కొలిమితో వేడిచేసి, ఆవిరితో ముంచి, లెక్కకు మిక్కిలిగా చంపుకొనిరి. చలిదేశమున మొక్కలు వేడిచేత చచ్చుట యెంత వింత! ఛాట్స్‌వర్తు ఉద్యానములో జోసెఫ్ పాక్‌స్టన్ 1830లలో ఆ గదులకు గాలి సోకనిచ్చి, వేడి తగ్గించి, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క వాతావరణమును కల్పించిన పిమ్మట గాని పరిస్థితి మారలేదు. 1860లలో జేమ్స్ బేట్‌మన్ చల్లని గదులలో కొండజాతులను పెంచు పద్ధతిని ప్రచారము చేసెను. వారు నేర్చినది ఒక్కటే: మొక్క యే దేశముదో తెలిసిన చాలదు, ఎంత యెత్తుదో తెలియవలెను. వేయి మీటర్లు పైకెక్కిన వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గును. తీరమున రాత్రి 27 డిగ్రీలున్నపుడు, రెండువేల మీటర్ల కొండపై 15 డిగ్రీల ప్రాంతమున నుండును.

రాత్రి చల్లదనమునకు ఇంత విలువ యేల? పగలు ఆకు వెలుతురులో చక్కెరను కూర్చుకొనును. రాత్రి శ్వాసించుచు అందు కొంత వ్యయపరచును. రాత్రి యెంత వేడియైన వ్యయ మంత యధికము. కొండమొక్క మన తీరమున పగటి సంపాదన నంతయు రాత్రి ఖర్చుచేసి, మిగులు లేని సంసారమువలె ఈడ్చుకొని వచ్చును. మిగులు లేనిదే పూవు పుట్టదు. అదియు గాక, కొన్నిటికి చలియే పూతకు సంకేతము. పెద్దపూల సింబీడియములు మొగ్గ తొడుగుటకు రాత్రులు 10 మొదలు 15 డిగ్రీల వరకు దిగవలెను. ఫెలనాప్సిస్ ఇంత చలి కోరదు. 28 డిగ్రీల పైనను ఆకులు వేయుచుండును. కాని పూకాడ వేయుటకు దానికిని కొన్ని వారములు 25 డిగ్రీలకు లోపలి చల్లదనము కావలెను. మన చలికాలము ఆ మాత్రము చల్లదనము నీయగలదు. కనుకనే తీరవాసులకు కొండజాతులకంటె ఇది మేలు.

మన పెద్దలు వేసవిలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లిరి. కూజాలో మంచినీటిని చల్లబరచుకొనిరి. నీరు ఆవిరియగుచు వేడిని వెంటగొనిపోవు ధర్మమే ఇచ్చటను ఆధారము. మెరుగు పూయని మట్టికుండ కూజావలెనే వేళ్ళను చల్లగా నుంచును. దాని ప్రక్కలకు చిల్లులుండవలెను; లోపల మన్ను గాక బొగ్గు, ఇటుకముక్కలు, కొబ్బరి డొక్కముక్కలు నింపవలెను. కుండలను బల్లపై నుంచి క్రింద తడియిసుక పళ్ళెములు పెట్టవలెను. తూర్పు వసారా మంచిది. పడమటి గోడ చెంత మాత్రము పెట్టరాదు. పగలు త్రాగిన వేడిని ఆ గోడ రాత్రి చాలసేపు కక్కుచుండును. అనంతపురము, కర్నూలు, హైదరాబాదుల పొడిగాలిలో ఈ ఉపాయములు చక్కగా ఫలించును. కాకినాడ, మచిలీపట్నములలో గాలి ముందే తేమతో నిండియుండుటచే తడి త్వరగా ఆరదు, చల్లదనము పుట్టదు. అచ్చట నీళ్ళు చల్లుటకంటె గాలి కదలుట ముఖ్యము. చిన్న విద్యుత్పంకా ఒకటి రాత్రియంతయు తిరిగిన మేలు.

నీటి విషయమున మిగుల జాగ్రత్త వలయును. ఆర్కిడ్ వేరుపై తెల్లని మెత్తని పొర యుండును. అది నీటిని పీల్చుకొని, పిదప ఆరవలెను. వేడియు తడియు ఎడతెగక కలిసియుండిన వేరు క్రుళ్ళును. ఆకు ముడుత పడినంతనే దాహమని యెంచి మరింత నీరు పోయుదురు. చాల మొక్కలు చచ్చు దారి యిదియే. ముందు వేరు చూడవలెను. గట్టిగా నున్న దాహము; మెత్తబడి గోధుమవన్నె తిరిగిన క్రుళ్ళు. రెంటికిని ఆకుపై లక్షణమొకటే, చికిత్స మాత్రము విరుద్ధము. నీరు ఉదయమే పోయవలెను. ఫెలనాప్సిస్ ఆకుల నడిమి గుంటలో రాత్రి నీరు నిలువరాదు. ఉప్పదనము గల బోరునీటికంటె వాననీరు శ్రేష్ఠము. నడివేసవిలో కొండజాతులకు ఎరువు తగ్గించవలెను, కుండ మార్చరాదు.

ఇంత చేసినను తీరపు రాత్రిని కొండ రాత్రిగా మార్చజాలము. కనుక పెంపకములో సగము పని మొక్కను ఎన్నుకొనుటయందే యున్నది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గు, కోరమండల తీరపు మొక్కలపై 1795లో వెలువడిన సంపుటములోనే మన చెట్లకొమ్మలపై పెరుగు ఒక ఆర్కిడ్‌ను వర్ణించెను. నేడు దానిని వాండా టెస్సెలేటా అందురు. చెట్టుపై మొలచినదెల్ల బదనిక యని పెరికివేయువారు కలరు. కాని యిది చెట్టు రసమును దొంగిలించదు, కొమ్మను ఆసరాగా మాత్రమే కొనును. గోధుమవన్నె గళ్ళ రేకులతో, సువాసనతో, మన వేసవికి ఓర్చి పూయును. ఖాసీ కొండల నీలి వాండాయందు మనసు పడువారికిని త్రోవ కలదు. దానిని ఫిలిప్పీను దీవుల వెచ్చని పల్లపు వాండాతో కలిపి పుట్టించిన రాత్‌షీల్డియానా అను సంకరము 1931లో నమోదైనది. తల్లిదండ్రులలో ఒకరి నీలివన్నె, వేరొకరి ఓర్పు దానికి సంక్రమించినవి.

నీలి వాండాను అడవినుండి పెరికి తెచ్చుట మన వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. అట్లు తెచ్చిన మొక్క తీరమున కృశించిన, కొండకును కాక మనకును కాక పోవును. నర్సరీలో పెంచిన మొక్కనే కొనవలెను. కొనుటకు ముందు, "ఈ మొక్కకు ఎంత చల్లని రాత్రి కావలె"నని అడిగి, మన పడకగదిలో ఉష్ణమాపకము చూపు అంకెతో సరిచూచుకొనవలెను. ఆ రెండంకెలును పొసగిననాడు పూవు మన యింట మరల పూయును. పొసగనినాడు దానిని కొండపైననే చూచి వచ్చుట మంచిది.